ముందరి మూడంకెలు



మోరిస్‌విల్ అనగానే ఏ మోరిస్‌విల్ అని అడగాలి. పెన్సిల్వేనియాలో ఒకటుంది, వెర్మాంట్‌లో ఒకటుంది, న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకొకటి. నేను చెప్పబోయేది నార్త్ కరొలైనాలో, రాలీకీ డర్హమ్‌కీ నడుమ, విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న మోరిస్‌విల్ గురించి. అసలు సంగతి ఊరు కూడా కాదు, ఆ ఊరి ఫోన్ నంబరు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నంబరులో ముందుండే మూడంకెలు. అక్కడివాళ్లు ఏరియా కోడ్ అంటారు, మనం ఎస్టీడీ కోడ్ అనేవాళ్లం.

ఆ ఊళ్లో తెలుగువాళ్లిద్దరు కొత్తగా కలిస్తే మాట ఎలా నడుస్తుందో వినండి. గుడి దగ్గర పార్కింగులోనో, పిల్లల్ని క్రికెట్ కోచింగ్‌కి దింపే చోటో అనుకోండి.

"మీ నంబరు చెప్పండన్నా, మిస్డ్ కాల్ ఇస్తాను."

"సిక్స్ సిక్స్ జీరో..."

"మిస్సోరీనా? మేరీవిల్లా, వారెన్స్‌బర్గా?"

"వారెన్స్‌బర్గ్. 2014 ఫాల్."

"మా బావమరిది అక్కడే చదివాడండీ!"

నంబరు ఇంకా పూర్తి కాలేదు. మిగతా ఏడంకెలు చెప్పేలోపే బావమరిది పేరు, ఏ సెమిస్టరు, ఏ అపార్ట్‌మెంటు, ఎవరికి రూమ్మేటు అన్నీ తేలిపోతాయి. మొదటి మూడంకెలతోనే మనిషి పాత చిరునామా బయటపడింది. 660 అంటే ఉత్తర, పశ్చిమ మిస్సోరీలోని చిన్న ఊళ్లు. అక్కడి యూనివర్సిటీల్లో ఎం.ఎస్. చేసిన మన పిల్లలకు లెక్కే లేదు. 732 అంటే న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల. 469 డాలస్. 309 అంటే ఇల్లినాయిలో బ్లూమింగ్టన్, పియోరియా వైపు. ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టులోనో, ట్రాక్టర్ల కంపెనీ ప్రాజెక్టులోనో కొన్నాళ్లు పనిచేసి వచ్చాడని ఊహించుకోవచ్చు. ఆ మనిషి ఇప్పుడు ఉంటున్నది మోరిస్‌విల్‌లో. ఇల్లు కొన్నాడు, పిల్లలు ఇక్కడి బడికే వెళ్తున్నారు. నంబరు మాత్రం అమెరికాలో విమానం దిగి మొదటి సిమ్ వేయించుకున్న చోటిదే.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా.

1947లో అమెరికా, కెనడాలకు కలిపి ఈ కోడ్లు రూపొందించినప్పుడు మొత్తం 86. ఒక్క కోడ్ సరిపోయే రాష్ట్రానికి మధ్యలో సున్నా, రెండో మూడో కావలసిన రాష్ట్రాలకు మధ్యలో ఒకటి. అప్పటి ఫోన్లకు గుండ్రటి డయల్ ఉండేది గదా, వేలు పెట్టి తిప్పడం. చిన్న అంకె అయితే చక్రం తొందరగా వెనక్కి వస్తుంది, సున్నా అయితే పూర్తిగా తిరిగి రావాలి. అందుకని ఎక్కువమంది ఫోన్ చేసే పెద్ద నగరాలకు చిన్న అంకెలు ఇచ్చారు. న్యూయార్క్‌కి 212, లాస్ ఏంజిలిస్‌కి 213, షికాగోకి 312. నార్త్ కరొలైనా మొత్తానికి ఒక్కటే, 704. ఏడూ, ఆ తర్వాత సున్నా! ఆ రాష్ట్రానికి ఫోన్ చేసేవాళ్లు అంతగా ఉండరని ఇంజనీర్ల లెక్క అన్నమాట.

1954లో రాష్ట్రాన్ని రెండు చేశారు. పడమర వైపు, షార్లెట్‌తో సహా, 704 కిందే ఉంది. తూర్పు వైపు ఉన్న పెద్ద భాగానికి 919 వచ్చింది. అప్పట్లో 919 అంటే చిన్న ప్రాంతం కాదు. రాలీ, డర్హమ్, గ్రీన్స్‌బరో, విన్‌స్టన్-సేలమ్, ఫేయెట్‌విల్, విల్మింగ్టన్, చివరికి అట్లాంటిక్ ఒడ్డున ఇసుక దిబ్బలమీది ఊళ్ల దాకా. దాదాపు నలభై ఏళ్లు అలాగే సాగింది. తర్వాత ముక్కలవడం మొదలైంది. 1993లో గ్రీన్స్‌బరో, ఫేయెట్‌విల్, విల్మింగ్టన్ 910కి వెళ్లిపోయాయి. 1998లో సముద్రం వైపు జిల్లాలు 252కి వెళ్లాయి. 919కి మిగిలింది రాలీ, డర్హమ్, చాపెల్ హిల్, వాటి చుట్టూ ఉన్న పల్లెలు, పట్నాలు. వాటిలో ఒకటి మోరిస్‌విల్.

నంబర్లు ఎందుకు చాలలేదని అడగొచ్చు. ఒక ఏరియా కోడ్‌లో 79 లక్షల పైచిలుకు నంబర్లు పడతాయి. అంతమంది జనం ఆ చుట్టుపక్కల ఎక్కడున్నారు? లేరు. కానీ నంబర్లు ఒక్కొక్కటిగా ఇచ్చేవాళ్లు కాదు, పదివేల కట్టలుగా ఇచ్చేవాళ్లు. ఒక టెలిఫోన్ కంపెనీ ఒక చిన్న ఊళ్లో వందమందికి ఫోన్లు ఇవ్వాలన్నా పదివేల కట్ట తీసుకోవలసిందే. 1996లో కొత్త టెలికాం చట్టం వచ్చి పోటీ కంపెనీలకు తలుపులు తెరిచాక ప్రతి కంపెనీకీ ప్రతి ఊళ్లోనూ ఒక కట్ట. పైగా పేజర్లు, ఫ్యాక్స్ మిషన్లు, ఇంటర్నెట్‌కి రెండో లైను, సెల్‌ఫోన్లు. పెళ్లిలో ప్రతి బంతికీ కొత్త గంగాళం తెరిచినట్టయింది. ఆ తర్వాత కట్టను వెయ్యికి కుదించారు. దాంతో 2001లో రావలసిన కొత్త కోడ్ పదేళ్లకు పైగా వాయిదా పడింది.

ఆ పదేళ్లలోనే మోరిస్‌విల్ ఊరు ఊరంతా మారిపోయింది. మొదట్లో అది రైలు స్టేషను ఊరు. 1852లో స్టేషనుకు భూమి ఇచ్చిన జెరెమయా మోరిస్ అనే ఆయన పేరు పెట్టారు. 1875లో టౌను అయింది. వందేళ్లు దాటినా నలుగురికీ తెలియని ఊరు. 1959లో పక్కనే రిసెర్చ్ ట్రయాంగిల్ పార్కు పుట్టింది. 1965లో ఐబీఎం అక్కడికి వస్తున్నానంది. ఆ తర్వాత మందుల కంపెనీలు, చిప్పుల కంపెనీలు, మన కథకు బాగా సంబంధించిన టెలిఫోన్ కంపెనీలు. కెనడాకు చెందిన నార్తర్న్ టెలికాం, తర్వాత నార్టెల్ అని పేరు మార్చుకుంది, ఆ పార్కులో వేలమందికి ఉద్యోగాలిచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిల్లో వాడే డిజిటల్ స్విచ్‌లు దాని సరుకు. అంటే ఏ కాల్ ఎటు పోవాలి అని తేల్చే యంత్రాల సంస్థే 919లో ఉండేది. 2009 జనవరిలో దివాలా తీసింది. అప్పటికే అక్కడ చేరిన మనవాళ్లలో చాలామంది పక్కనున్న సిస్కోకో, మరో చోటికో మారారు గానీ ఊరు విడవలేదు. మోరిస్‌విల్‌లోనే లెనోవో వాళ్ల అమెరికా ప్రధాన కార్యాలయం ఉంది. 2005లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని కొన్నాక అక్కడ స్థిరపడింది.

జనాభా లెక్కలు చూడండి. 2000లో 5,208. 2010లో 18,576. 2020లో 29,630. ఆ చివరి లెక్కలో సగానికి కాస్త తక్కువమంది ఆసియా మూలాలవాళ్లు. వాళ్లలో మనవాళ్ల వాటా ఎంతో చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు, సాయంత్రం పూట ఏ అపార్ట్‌మెంటు కాంప్లెక్సులోనైనా నడిచొస్తే చాలు. తాలింపు వాసనలు, వాకింగ్‌కి బయల్దేరిన అత్తగార్లు, స్పీకర్ ఫోన్లో కాకినాడతో గట్టిగా మాట్లాడుకుంటూ పోయే మామగార్లు. టౌన్ కౌన్సిల్‌కి గరిమెళ్ళ ఇంటిపేరున్న సతీష్ ఎన్నికయ్యారు. హిందూ సొసైటీ గుడి ఏవియేషన్ పార్క్‌వే మీదే ఉంది. కాస్త అవతల క్యారీలో 2009 నుంచీ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. దాని 87 అడుగుల రాజగోపురాన్ని 2022 అక్టోబరులో అప్పటి గవర్నర్ రాయ్ కూపర్ వచ్చి ప్రారంభించారు. చర్చ్ స్ట్రీట్ పార్కులో నిఖార్సయిన క్రికెట్ మైదానం ఉంది. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదటి సీజన్ మ్యాచ్‌లు కొన్ని అక్కడే ఆడారు. ట్రయాంగిల్ ఏరియా తెలుగు అసోసియేషన్ ఉగాదీ, దీపావళీ చేస్తుంది. ఆ సంఘం పేరులో మొదటి అక్షరాలు కలిపితే టాటా అవుతుంది, కొత్తవాళ్లు జంషెడ్‌పూర్ టాటాలనుకుని కంగారుపడొద్దు.

ఇక 2012. ఆ ఏడాది వసంతంలో కొత్త కోడ్ 984 రానే వచ్చింది. ఇది ఈ కథలో నాకు బాగా నచ్చిన చోటు. ఇంతకుముందు నంబర్లు అయిపోయినప్పుడల్లా భూమిని కోశారు. ఈ గీతకు అటువైపు మీరు, ఇటువైపు మేము. గీతకు అటువైపు పడ్డవాళ్లు ఉత్తరాల మీద, దుకాణం బోర్డుల మీద, విజిటింగ్ కార్డుల మీద నంబరు మార్చుకోవాలి. ఈసారి కోయలేదు. ఒకే నేల మీద రెండు కోడ్లు పరిచారు. పాతవాళ్లది 919 అలాగే ఉంటుంది, కొత్తగా తీసుకునేవాళ్లకు 984 రావచ్చు. పక్క పక్క ఇళ్లు, ఒక్కొక్కసారి ఒకే ఇంట్లో భార్యాభర్తలు, వేరువేరు కోడ్లు. దీనికి కట్టిన మూల్యం ఒక్కటే. పక్కింటికి చేసినా పదంకెలూ నొక్కాలి. అంతకుముందు ఏడు నొక్కితే సరిపోయేది.

కోత మాటకొస్తే, మన దగ్గర 2014లో రాష్ట్రమే రెండయింది. బండ్ల నంబర్లు మారాయి, బోర్డులు మారాయి, కానీ 040 హైదరాబాదుకే ఉంది, 0866 విజయవాడకే ఉంది. సెల్‌ఫోన్ లైసెన్సుల లెక్కలో అయితే నేటికీ రెండు రాష్ట్రాలూ కలిపి ఒకటే సర్కిల్, దాని పేరు ఆంధ్రప్రదేశ్. అసెంబ్లీలు విడిపోయినా టెలికాం శాఖ కాగితాల మీద మనం ఇంకా ఉమ్మడి కుటుంబమే. ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి గొడవా లేదు.

సరే, 984 వచ్చాక మోరిస్‌విల్‌లో సంగతి కొంచెం తమాషాగా తయారైంది. 919 ఉన్నవాడు పాతకాపు, 984 ఉన్నవాడు నిన్నగాక మొన్న వచ్చినవాడు. హైదరాబాదులో ఒకప్పుడు 98480, 98490 నంబర్లున్నవాళ్లు నంబరు చెప్పేటప్పుడు గొంతు ఒక పిసరు పెంచేవాళ్లు, గుర్తుందా? నిమిషానికి పద్నాలుగూ పదహారూ రూపాయలు పోసి సెల్‌ఫోన్ వాడిన తొలితరం అది. 919వాళ్లకీ ఆ బాపతు దర్జా కొంత వచ్చింది. ఇల్లు అమ్మేవాళ్లు, ట్యాక్సులు చేసేవాళ్లు, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మే మనవాళ్లు 919 నంబరు సంపాదించి కార్డు మీద వేసుకోవడం నేను చూశాను. ఇక్కడివాడినే, పారిపోను అని చెప్పడమన్నమాట.

అయితే ఈ రెండు వర్గాలకూ చెందని మూడో వర్గమే మనవాళ్లలో ఎక్కువ. మొదట్లో చెప్పిన 660లు, 732లు, 469లు. దీనికి రెండు కారణాలు. 1998లో ఏటీ అండ్ టీ వాళ్లు దేశమంతటా ఒకే రేటు పథకం తెచ్చారు. ఎక్కడినుంచి ఎక్కడికి చేసినా రోమింగ్ లేదు, లాంగ్ డిస్టెన్స్ లేదు. 2003 నవంబరు నుంచి నంబరు మార్చకుండానే సెల్‌ఫోన్ కంపెనీ మారొచ్చన్నారు. దాంతో ఊరు మారినప్పుడు నంబరు మార్చుకోవలసిన అగత్యం పోయింది. ఇక ప్రాజెక్టు వెంట ప్రాజెక్టుగా రాష్ట్రాలు దాటే మన పిల్లల సంగతి చెప్పాలా? బ్యాంకు, హెచ్‌వన్ వీసా కాగితాలు, కన్సల్టెన్సీ, వాట్సాప్ గ్రూపులు అన్నీ ఆ నంబరుకే కట్టేసి ఉంటాయి. దాన్ని కదిలించడమంటే పునాది కదిలించడమే. ఇండియాలో సర్కిల్ దాటినా అదే నంబరుతో కంపెనీ మారే వెసులుబాటు వచ్చింది 2015లో.

ఈ పాత నంబరుతో ఎవరూ ఊహించని లాభం ఒకటుంది. మోసపు కాల్స్ చేసేవాళ్లకు ఒక అలవాటు. మీ నంబరు ఏ కోడ్‌తో మొదలైతే అదే కోడ్ ఉన్న దొంగ నంబరు చూపించి పిలుస్తారు. ఎవరో ఊళ్లోవాళ్లే అనుకుని ఎత్తుతారని. 919వాడికి ఇది తలనొప్పి. 919తో వచ్చింది డాక్టరు ఆఫీసా, దొంగా? ఎత్తితే గాని తెలియదు. 660వాడికి ఆ బాధ లేదు. మిస్సోరీ వదిలి పదేళ్లయింది. అక్కడినుంచి తెలియని నంబరు మోగిందంటే కళ్లు మూసుకుని కట్ చేయొచ్చు. 919, 984 వస్తే మాత్రం తీస్తాడు. అది బడినుంచే అయ్యుంటుంది. రేపు మంచు పడుతుందట, రెండంగుళాలు, బడి సెలవు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. భారతదేశం కోడ్ 91. మన సెల్‌ఫోన్ నంబర్లు చాలా వరకు తొమ్మిదితో మొదలవుతాయి. 91, ఆ వెంటనే 9. అంటే 919! నేను సరదాకి చెప్పడం లేదు. మోరిస్‌విల్‌లో ఇంటి ఫోన్ నుంచి హైదరాబాదులోని ఒక 98480 నంబరుకి చేయాలనుకోండి. ముందు 011 నొక్కాలి, తర్వాత 91, తర్వాత నంబరు. ఆ 011 మర్చిపోయారు. 91, 98480 అంటూ నొక్కుకుంటూ పోయారు. ఎక్స్ఛేంజికి ఇదెలా వినబడుతుంది? 919, 848, సున్నా... పదంకెలు పూర్తి కాగానే ఊళ్లోనే ఎవరికో మోగించేస్తుంది. చివర్న మిగిలిన రెండంకెలను పట్టించుకోదు. పెద్దమ్మకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుదామని చేస్తే రాలీలో ఎవరో అమెరికన్ ముసలాయన నిద్రమత్తులో హలో అంటాడు. ఏడంకెల రోజుల్లో ఈ పొరపాటు ఇంకో రకంగా ఉండేది, పదంకెలు తప్పనిసరి చేశాక ఇంత చక్కగా అతుక్కుంది.

ఆఫీసుల్లో ఇంకో ప్రమాదం. బయటి లైను కావాలంటే ముందు 9 నొక్కాలి. ఇండియాకి అయితే 9, తర్వాత 011, తర్వాత 91. తొందరలో ఆ సున్నా తప్పిందో, 9-1-1. అమెరికాలో అది పోలీసు, అంబులెన్సు, ఫైరింజను. అవతల రాష్ట్రంలో క్లయింటుకు చేస్తూ 9 నొక్కి ఒకటి బదులు రెండుసార్లు ఒకటి నొక్కినా అదే. 2020 ఫిబ్రవరి నుంచి ఒక చట్టం కూడా అమల్లో ఉంది, కారీస్ లా అని. కొత్తగా పెట్టే ఆఫీసు, హోటల్ ఫోన్లలో ముందు 9 లేకుండానే నేరుగా 911 తగలాలి అని. ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల పిల్ల 911 పదే పదే నొక్కినా, బయటి లైను కోసం ముందు ఇంకో 9 కావాలని తెలియక కాల్ వెళ్లలేదు. ఆ తల్లి పేరే చట్టానికి పెట్టారు. మంచి చట్టం. మనవాళ్లు చేయవలసిందల్లా ఒకటి. పొరపాటున తగిలితే భయపడి పెట్టేయకండి. పెట్టేస్తే వాళ్లు తిరిగి చేస్తారు, ఎవరూ తీయకపోతే పోలీసు కారు వచ్చి ఆఫీసు ముందు ఆగుతుంది. లైన్లో ఉండి, పొరపాటున తగిలిందండీ అంటే చాలు.

ఇప్పుడు గుంటూరులోనో కరీంనగర్‌లోనో వింటున్న పెద్దవాళ్లకు ఒక మాట. ఫోన్ పక్కన పెట్టుకునే నోటు పుస్తకంలో అబ్బాయి పేరు కింద మూడు నంబర్లు కొట్టేసి నాలుగోది రాసి ఉంటుంది చూడండి. మొదటిది కాలింగ్ కార్డు రోజులది, 001 అని ముందు రాసి ఉంటుంది. దానిమీద ఎర్ర పెన్నుతో గీత. సెల్‌ఫోన్లో దాచేటప్పుడు ఆ సున్నాల బదులు ప్లస్ గుర్తు పెట్టండి. ప్లస్ ఒకటి, తర్వాత పదంకెలు. అలాగే మీ నంబరు వాళ్ల ఫోన్లో ప్లస్ 91తో ఉండాలని చెప్పండి. ప్లస్ ఉంటే 011 మర్చిపోయే బెడద లేదు, రాలీ ముసలాయన నిద్ర కూడా పాడవదు.

మోరిస్‌విల్‌లో ఇప్పుడు ఒక ఇంట్లో లెక్క ఇలా ఉంటుంది. నాన్నది 660, అమ్మది 469, ఫ్యామిలీ ప్లాన్ ఒక్కటే, బిల్లు ఒక్కటే. పెద్దమ్మాయి మిడిల్ స్కూలుకి వచ్చింది, ఫోన్ కావాలంది. షాపులో కుర్రాడు ఏ కోడ్ కావాలని అడిగాడు.

"919 ఉందా?" అన్నాడు నాన్న.

లేదన్నాడు కుర్రాడు. 984 ఉందట. కావాలంటే నాన్నగారి లైన్లకు దగ్గరగా ఉండేలా మిస్సోరీ నంబరు కూడా ఇవ్వగలడట.

"మిస్సోరీ ఎందుకు? నేనెప్పుడూ అక్కడికి వెళ్లనేలేదు కదా నాన్నా," అంది పిల్ల. 984 తీసుకుంది.